ఏడీహెచ్‌డీలో అవధాన సహాయక యాప్‌లు

ఏడీహెచ్‌డీలో అవధాన సహాయక యాప్‌లు అనగా అవధాన లోపం, అతిచురుకుదనం లక్షణాలుగా గల ఏడీహెచ్‌డీ అనే రుగ్మత ఉన్నవారు తమ దృష్టిని, కాలాన్ని, రోజువారీ పనులను అదుపులో ఉంచుకోవడానికి వాడే మొబైల్ ఫోను, కంప్యూటరు ప్రోగ్రాములు. సమయానికి గుర్తుచేసే అలారాలు, పనుల జాబితాలు, గడుస్తున్న కాలాన్ని బొమ్మగా చూపే గడియారాలు, దృష్టి మళ్ళించే వెబ్‌సైట్లను మూసివేసే సాధనాలు, ఆటల రూపంలోని శిక్షణలు ఈ కోవలోకి వస్తాయి. వీటిలో అధికభాగం రుగ్మతను నయం చేయడానికి ఉద్దేశించినవి కావు. మనసులో నిలుపుకోవలసిన విషయాన్ని మనసు బయట, కంటికీ చెవికీ అందే చోట ఉంచడమే వీటి ప్రధాన ప్రయోజనం. కొద్ది యాప్‌లు మాత్రం చికిత్సా సాధనాలుగా ప్రభుత్వ అనుమతి పొందాయి. మందులకు గానీ, ప్రవర్తనా చికిత్సకు గానీ ఇవి ప్రత్యామ్నాయం కాగలవని ఇంతవరకు జరిగిన పరిశోధనలు నిరూపించలేదు.

## పేరు

తెలుగులో అవధానం అంటే మనసును ఒకచోట నిలపడం. తెలుగువారి సాహిత్య ప్రక్రియ అయిన అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడిగిన అంశాలను అవధాని ఏకకాలంలో మనసులో ఉంచుకొని ఒక్కొక్కటిగా పూరిస్తాడు. ఆ ఎనిమిది మందిలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుని పని అవధాని దృష్టిని మళ్ళించడమే. చేయవలసినవన్నీ గుర్తుంచుకోవడం, మధ్యలో వచ్చే అప్రస్తుతాన్ని తోసిపుచ్చి తిరిగి పనిలోకి రావడం ఏడీహెచ్‌డీ ఉన్నవారికి నిత్యజీవితంలోనే కష్టమవుతాయి.

అమెరికా మనోవైద్య సంఘం 1980లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం మూడవ కూర్పులో ఈ రుగ్మతను అవధాన లోప రుగ్మతగా పేర్కొన్నారు. 1987లో ఆ కూర్పును సవరించినపుడు అతిచురుకుదనాన్ని కూడా పేరులో చేర్చారు. ఏడీహెచ్‌డీ అనే పొడి అక్షరాల పేరు అప్పటినుండి వాడుకలో ఉన్నది.

## నేపథ్యం

ఏడీహెచ్‌డీ నాడీ వికాసానికి సంబంధించిన రుగ్మత. 2013లో వెలువడిన రోగనిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పు ప్రకారం దీని లక్షణాలలో కొన్ని 12 ఏళ్ళ వయసులోపే కనిపించి ఉండాలి. ఇల్లు, బడి, పనిచేసే చోటు వంటివాటిలో కనీసం రెండింట అవి ఇబ్బంది కలిగిస్తూ ఉండాలి. అవధాన లోపానికి 9, అతిచురుకుదనం - తొందరపాటుకు 9 లక్షణాలు ఇచ్చారు. పిల్లలలో ఏదో ఒక వర్గంలో కనీసం 6, పదిహేడేళ్ళు నిండినవారిలో కనీసం 5 ఉండాలని నియమం. 2007లో ప్రచురితమైన ఒక విస్తృత సమీక్ష ప్రపంచవ్యాప్తంగా పిల్లలలో, కౌమారులలో దీని వ్యాప్తిని 5.29 శాతంగా అంచనా వేసింది. చాలామందిలో లక్షణాలు పెద్దయిన తరువాత కూడా కొనసాగుతాయి.

ఈ రుగ్మతలో అవధానం బొత్తిగా లేకపోవడం ఉండదు. ఆసక్తి కలిగిన పనిలో గంటల తరబడి మునిగిపోయే వ్యక్తి, అవసరమైన పనిపై పది నిమిషాలు నిలవలేకపోవచ్చు. లోపం దృష్టిని కావలసిన చోటికి, కావలసిన వేళకు మళ్ళించుకోవడంలో ఉన్నది. చూసేవారికి ఇది సోమరితనంగా, నిర్లక్ష్యంగా, పెంపకంలో లోపంగా తోచడం సర్వసాధారణం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రస్సెల్ బార్క్‌లీ 1997లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఏడీహెచ్‌డీ ముఖ్యంగా స్వీయ నియంత్రణకు సంబంధించిన సమస్య. ఏమి చేయాలో తెలియకపోవడం కన్నా, తెలిసినదానిని సమయానికి చేయలేకపోవడమే ఇందులో ప్రధానమని ఆయన వాదన. అందువలన సహాయం కూడా పని జరిగే చోటనే, జరిగే సమయంలోనే అందాలని ఆయన సూచించాడు. అవధాన సహాయక యాప్‌లన్నింటికీ ఆధారం ఈ ఆలోచనే అని చెప్పవచ్చు.

యాప్‌లు తీర్చదలచిన ఇబ్బందులు ముఖ్యంగా నాలుగు:

* తాత్కాలిక స్మృతి: ఇప్పుడు చేస్తున్న పనికి కావలసిన విషయాన్ని మనసులో పట్టి ఉంచలేకపోవడం. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చామో మరచిపోవడం అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ఇది రోజూ పలుమార్లు జరుగుతుంది.
* కాల స్పృహ: ఎంతసేపు గడిచింది, ఇంకెంత మిగిలింది అన్న అంచనా సరిగా లేకపోవడం.
* ఆరంభం: పని పెద్దదిగా, అస్పష్టంగా ఉన్నపుడు మొదలుపెట్టలేకపోవడం.
* దృష్టి మళ్ళడం: బయటి శబ్దానికి, ఫోను గంటకు, లోపలి ఆలోచనకు వెంటనే లొంగిపోవడం.

## చరిత్ర

ఈ యాప్‌లలో చాలావాటికి మూలాలు కాగితం, గడియారం వంటి పాత సాధనాలలో ఉన్నాయి. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980వ దశకం చివరలో విద్యార్థిగా ఉన్నపుడు టమాటా ఆకారంలోని వంటింటి టైమరు పెట్టుకొని చదివేవాడు. ఆ పద్ధతికి ఇటలీ భాషలో టమాటాను సూచించే పొమొదోరో అనే పేరు స్థిరపడింది. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, నాలుగు విడతలకొకసారి దీర్ఘ విరామం దీని క్రమం. అమెరికాలో జాన్ రోజర్స్ అనే మహిళ 1994లో టైమ్ టైమర్ అనే గడియారాన్ని రూపొందించింది. మిగిలిన సమయాన్ని ఇది క్రమంగా తరిగిపోయే ఎర్రని పళ్ళెంగా చూపిస్తుంది. అంకెలు చదవలేని పిల్లలకు సైతం కాలం తరగడం కంటికి కనబడుతుంది. తరువాతి కాలంలో ఈ రెండూ అనేక యాప్‌ల రూపం దాల్చాయి.

వైద్యరంగం నుండి వచ్చిన పునాది మరొకటి. పెద్దలలో ఏడీహెచ్‌డీకి సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్సను స్టీవెన్ సాఫ్రెన్ బృందం పరీక్షించి, 2010లో అమెరికా వైద్య సంఘ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. మందులు వాడుతున్నా లక్షణాలు మిగిలిన 86 మంది ఇందులో పాల్గొన్నారు. అదే సంవత్సరం మేరీ సొలాంటో బృందం 88 మంది పెద్దలపై 12 వారాల సామూహిక చికిత్స ఫలితాలను వెలువరించింది. రెండింటిలోనూ పోలిక కోసం ఉంచిన బృందాలకన్నా చికిత్స పొందినవారు మెరుగయ్యారు. క్యాలెండరు వాడటం, పనుల జాబితా వ్రాయడం, పెద్ద పనిని ముక్కలు చేయడం వంటి నైపుణ్యాలను ఈ చికిత్సలు నేర్పుతాయి. నేటి యాప్‌లు చేసేవి కూడా ఇవే. అయితే చికిత్సలో ఆ అలవాట్లను వారం వారం సరిచూసే మనిషి ఉంటాడు.

కంప్యూటరు రంగంలో 2007లో టుడూయిస్ట్ అనే పనుల జాబితా సేవ మొదలైనది. 2009లో స్టీవ్ లాంబర్ట్ అనే కళాకారుడు మాక్ కంప్యూటర్ల కోసం సెల్ఫ్‌కంట్రోల్ అనే ఉచిత సాఫ్టువేరును విడుదల చేశాడు. వాడుకరి ఎంచుకున్న వెబ్‌సైట్లను నిర్ణీత కాలం పాటు ఇది మూసివేస్తుంది. కంప్యూటరును ఆపి తిరిగి తెరచినా, సాఫ్టువేరునే తొలగించినా గడువు తీరేవరకు అవి తెరుచుకోవు. స్మార్ట్‌ఫోన్లు వ్యాపించిన తరువాత 2014లో తైవాన్ నుండి ఫారెస్ట్ యాప్ వచ్చింది. 2018లో యాపిల్ సంస్థ స్క్రీన్ టైమ్‌ను, గూగుల్ సంస్థ డిజిటల్ వెల్‌బీయింగ్‌ను ప్రవేశపెట్టడంతో ఫోను వాడకాన్ని లెక్కించే, పరిమితం చేసే సదుపాయం ఫోనులోనే అంతర్భాగమైనది. 2021లో యాపిల్ ఫోకస్ అనే సదుపాయాన్ని చేర్చినది. దీని ద్వారా పనివేళ, నిద్రవేళ వంటి సందర్భాన్ని బట్టి ఏ నోటిఫికేషన్లు రావాలో నిర్ణయించుకోవచ్చు.

## రకాలు

### గుర్తుచేసేవి

అలారం, క్యాలెండరు, రిమైండరు ఈ రకానికి చెందినవి. ఇవి దాదాపు ప్రతి ఫోనులో ముందే ఉంటాయి కనుక ప్రత్యేకంగా కొనవలసిన అవసరం లేదు. మందు వేసుకునే వేళ, ఫీజు కట్టవలసిన తేదీ, బయలుదేరవలసిన సమయం వంటివాటికి ఉపయోగిస్తారు. చేరవలసిన సమయానికి కాక బయలుదేరవలసిన సమయానికి అలారం పెట్టడం, దానికి పదిహేను నిమిషాల ముందు మరొకటి పెట్టడం కాల స్పృహ లోపానికి వాడే సాధారణ ఉపాయం.

### పనుల జాబితాలు, పనిని విడగొట్టేవి

టుడూయిస్ట్, మైక్రోసాఫ్ట్ టుడూ, గూగుల్ టాస్క్స్ వంటివి పనులను తేదీలవారీగా నిలువ చేస్తాయి. 2020 తరువాత కృత్రిమ మేధ ఆధారంగా పనిని చిన్న మెట్లుగా విడగొట్టే సాధనాలు కూడా వచ్చాయి. బెల్జియంకు చెందిన ప్రోగ్రామరు రూపొందించిన గాబ్లిన్ టూల్స్ వాటిలో ఒకటి. ఇందులో ఎన్ని మెట్లు కావాలో చెప్పడానికి మిరపకాయల గుర్తు వాడారు. మిరపకాయలు పెంచిన కొద్దీ పని మరింత చిన్న ముక్కలవుతుంది. గది సర్దడం అని వ్రాస్తే నేలపై బట్టలు తీయడం, వాటిని బుట్టలో వేయడం, బల్లపై కాగితాలను ఒకచోట చేర్చడం అన్నట్లుగా వరుస ఇస్తుంది. ఆరంభంలో ఆగిపోయేవారికి మొదటి మెట్టు స్పష్టంగా కనబడడం ఇందులోని ప్రయోజనం.

### కాలాన్ని చూపేవి

పొమొదోరో టైమర్లు, తరిగే పళ్ళెం వంటి దృశ్య గడియారాలు, రోజును రంగుల పట్టీగా చూపే ప్రణాళికా యాప్‌లు ఇందులో చేరతాయి. డెన్మార్కుకు చెందిన టీమో అనే దృశ్య ప్రణాళికా యాప్ ఏడీహెచ్‌డీ, ఆటిజం ఉన్నవారిని దృష్టిలో ఉంచుకొని తయారైనది. 2025లో యాపిల్ సంస్థ దీనిని ఆ ఏటి ఉత్తమ ఐఫోన్ యాప్‌గా ఎంపిక చేసినది.

25 నిమిషాల విడత అందరికీ సరిపోదు. సాఫ్రెన్ పద్ధతిలో మొదట వ్యక్తి ఆసక్తి లేని పనిపై ఎంతసేపు నిలవగలడో కొలుస్తారు. 10 నిమిషాలు అని తేలితే పనిని 10 నిమిషాల ముక్కలుగా చేసి, తరువాత ఆ నిడివిని పెంచుతారు.

### అడ్డుకునేవి

సెల్ఫ్‌కంట్రోల్, ఫ్రీడమ్ వంటివి ఎంచుకున్న వెబ్‌సైట్లను, యాప్‌లను నిర్ణీత కాలం మూసివేస్తాయి. ప్రలోభం ఎదురైనపుడు నిగ్రహించుకోవడం కష్టం కనుక, మనసు నిలకడగా ఉన్నపుడే ముందుగా తలుపు వేసుకోవడం దీని సూత్రం. ఒక్క మీటతో తొలగించగల పరిమితులు తొందరపాటు లక్షణం ఉన్నవారికి అంతగా పనిచేయవు. తొలగించడం ఎంత కష్టమైతే అడ్డు అంత బలమైనది.

### ఆట రూపంలోనివి

ఫారెస్ట్ యాప్‌లో పని మొదలుపెట్టినపుడు తెరపై ఒక విత్తు నాటుతారు. నిర్ణీత సమయం వరకు ఫోనును ముట్టకపోతే అది చెట్టవుతుంది, మధ్యలో వేరే యాప్‌లోకి పోతే ఎండిపోతుంది. ఇలా సంపాదించిన నాణేలతో ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా నిజమైన చెట్లు నాటించే ఏర్పాటు కూడా ఉన్నది. 2013లో మొదలైన హాబిటికా పనుల జాబితాను పాత్రధారణ ఆటగా మార్చినది. పని పూర్తయితే పాత్రకు బలం, బంగారం లభిస్తాయి, మానితే ప్రాణశక్తి తగ్గుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారిని దూరపు ప్రతిఫలం కన్నా తక్షణ ప్రతిఫలం ఎక్కువగా కదిలిస్తుందన్న అవగాహన ఈ యాప్‌లకు ఆధారం. కొత్తదనం తగ్గగానే ఆకర్షణ కూడా తగ్గడం వీటి బలహీనత.

### తోడుగా పనిచేయించేవి

మరొకరు పక్కన కూర్చొని తమ పని తాము చేసుకుంటుంటే ఏడీహెచ్‌డీ ఉన్న కొందరికి పని సాగుతుంది. ఫోకస్‌మేట్ వంటి సేవలు ఇద్దరు అపరిచితులను వీడియోలో జతచేస్తాయి. మొదట ఇద్దరూ తమ పనేమిటో చెప్పుకుంటారు, గడువు ముగిశాక ఎంతవరకు అయినదో చెప్పుకుంటారు. తెలుగు ఇళ్ళలో పిల్లవాడు చదువుతుంటే తల్లి పక్కనే కూరగాయలు తరుగుతూ కూర్చోవడం కూడా ఇటువంటిదే. ఈ పద్ధతిని మెచ్చుకునేవారు చాలామంది ఉన్నప్పటికీ దీనిపై నియంత్రిత పరిశోధనలు తక్కువ.

## చికిత్సా యాప్‌లు

అమెరికాకు చెందిన అకిలీ సంస్థ తయారుచేసిన ఎండెవర్ ఆర్‌ఎక్స్ అనే వీడియో ఆటకు 2020 జూన్‌లో ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చినది. ఆట రూపంలోని చికిత్సా సాధనానికి ఆ సంస్థ అనుమతి ఇవ్వడం అదే మొదటిసారి. 8 నుండి 12 ఏళ్ళ పిల్లలకు వైద్యుని చీటీపై దీనిని ఇచ్చేవారు. 2023 డిసెంబరులో 17 ఏళ్ళ వరకు విస్తరించారు. దీని సాంకేతికతకు మూలం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడమ్ గజాలీ బృందం వృద్ధుల కోసం రూపొందించిన న్యూరోరేసర్ అనే ఆట. ఆ పరిశోధన 2013లో నేచర్ పత్రికలో వెలువడినది.

ఎండెవర్ ఆర్‌ఎక్స్‌పై జరిగిన ప్రధాన పరీక్షలో 348 మంది పిల్లలు పాల్గొన్నారు. ఒక బృందం ఈ ఆటను, మరొక బృందం పదాల ఆటను రోజుకు 25 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులు, 4 వారాలు ఆడినది. కంప్యూటరుపై కొలిచే అవధాన పరీక్షలో మొదటి బృందం ఎక్కువగా మెరుగైనది. కానీ తల్లిదండ్రులు గమనించిన లక్షణాల విషయంలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరీక్షలో మార్కు పెరగడం, ఇంట్లో హోంవర్కు పూర్తికావడం ఒకటి కాదన్న విమర్శకు ఇదే ఆధారం. చిరాకు, తలనొప్పి వంటి స్వల్ప దుష్ఫలితాలు కొందరిలో కనిపించాయి.

అకిలీ సంస్థ 2023 సెప్టెంబరులో వైద్యుని చీటీ విధానం నుండి వైదొలగి, చీటీ లేకుండా నేరుగా అమ్మే మార్గాన్ని ఎంచుకున్నది. పెద్దల కోసం రూపొందిన ఎండెవర్ ఓటీసీకి 2024 జూన్‌లో అనుమతి లభించినది. అదే సంవత్సరం ఆ సంస్థను వర్చువల్ థెరప్యూటిక్స్ అనే సంస్థ కొనుగోలు చేసినది.

## పరిశోధన

సాధారణ ఉత్పాదకతా యాప్‌లలో అధికభాగం ఏడీహెచ్‌డీ ఉన్నవారిపై పరీక్షింపబడలేదు. వాటి వెనుకనున్న పద్ధతులకు ఆధారం ఉన్నది గాని, యాప్‌గా మారినపుడు అదే ఫలితం వస్తుందన్న హామీ లేదు.

ప్రవర్తనా చికిత్సా సూత్రాలపై నిర్మితమైన ఇన్‌ఫ్లో యాప్‌పై 2022లో వెలువడిన అధ్యయనంలో 240 మంది పెద్దలు చేరారు. ఏడవ వారం ప్రశ్నావళిని పూర్తిచేసినవారు 95 మంది. మిగిలినవారిలో లక్షణాలు, ఇబ్బందులు తగ్గినట్లు తమంతట తామే చెప్పారు. పోలిక కోసం వేరే బృందం లేనందున ఆ మెరుగుదల యాప్ వలననే కలిగినదని నిర్ధారించడం సాధ్యం కాదు. సగానికి పైగా జారిపోవడం ఈ రంగంలో తరచు ఎదురయ్యే సమస్యను తెలుపుతుంది. క్రమం తప్పకుండా వాడవలసిన సాధనాన్ని, క్రమం తప్పకుండా ఉండలేకపోవడమే ఇబ్బంది అయినవారి చేతికి ఇవ్వడం దీనిలోని చిక్కు.

మెదడు శిక్షణగా చెప్పబడే యాప్‌ల విషయంలో ఆధారం మరింత బలహీనం. 2023లో ప్రచురితమైన ఒక సమీక్ష 36 నియంత్రిత ప్రయోగాలను పరిశీలించినది. కంప్యూటరు శిక్షణ వలన తాత్కాలిక స్మృతి మెరుగైనా, ఏడీహెచ్‌డీ లక్షణాలకు దానిని ఒక్కదానినే చికిత్సగా వాడటాన్ని ఫలితాలు సమర్థించడం లేదని తేల్చినది. అంతకు ముందే 2016లో, ఏడీహెచ్‌డీతో సహా పలు స్థితులలో మేలు కలుగుతుందని తగిన ఆధారం లేకుండా ప్రకటించినందుకు లుమోసిటీ నిర్మాతలు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ చేసుకొని 20 లక్షల డాలర్లు చెల్లించారు.

## పరిమితులు, విమర్శలు

ఈ యాప్‌లపై ప్రధాన విమర్శ అవి ఉండే చోటుకు సంబంధించినది. గుర్తుచేసే సాధనమూ, దృష్టి మళ్ళించే సాధనమూ ఒకే ఫోనులో ఉన్నాయి. టైమరు పెట్టడానికి ఫోను తీసినవాడు సందేశం చూసి, అక్కడినుండి వీడియోలలోకి వెళ్ళి, అరగంట తరువాత టైమరు పెట్టలేదని గ్రహించడం జరుగుతూ ఉంటుంది. అష్టావధానపు పోలికలో చెప్పాలంటే, అవధానికి సహాయంగా వచ్చినవాడే అప్రస్తుత ప్రసంగం కూడా చేస్తున్నట్లు. అందువలన కొందరు టైమరుకు వంటింటి గడియారాన్ని, జాబితాకు కాగితాన్ని వాడి, ఫోనును వేరే గదిలో ఉంచుతారు.

డిజిటల్ మాధ్యమాల వాడకానికీ ఏడీహెచ్‌డీ లక్షణాలకూ ఉన్న సంబంధంపై 2018లో అమెరికా వైద్య సంఘ పత్రికలో ఒక అధ్యయనం వెలువడినది. మొదట ఆ లక్షణాలు లేని 2,587 మంది లాస్ ఏంజెలెస్ విద్యార్థులను ఇందులో రెండేళ్ళు గమనించారు. మాధ్యమాలను అధికంగా వాడినవారిలో లక్షణాలు తలెత్తడం కొంత ఎక్కువగా కనిపించినది. ఫోను వలన ఏడీహెచ్‌డీ వస్తుందని దీని అర్థం కాదు. ఈ అధ్యయనం చూపినది సంబంధాన్నే తప్ప కారణాన్ని కాదు.

ఇతర విమర్శలు:

* అలారాలు ఎక్కువైతే చెవికి అలవాటై, చూడకుండానే ఆపివేయడం జరుగుతుంది.
* కొత్త యాప్‌ను ఎంచుకొని, రంగులు, విభాగాలు అమర్చుకోవడమే ఒక పనిగా మారి అసలు పని వాయిదా పడుతుంది.
* వరుసగా ఇన్ని రోజులు అని లెక్కించే యాప్‌లలో ఒక్కరోజు తప్పితే నిరాశ కలిగి, పూర్తిగా మానివేసే అవకాశం ఉన్నది.
* నెలవారీ చందాలు కట్టడం మరచిపోనక్కరలేదు గాని, రద్దు చేయడం మరచిపోవడం ఏడీహెచ్‌డీ ఉన్నవారికి తేలిక.
* యాప్ ఫలించకపోతే తప్పంతా తనదేనని వ్యక్తి భావించి, వైద్యుని వద్దకు వెళ్ళడం మరింత ఆలస్యం చేయవచ్చు.

## వాడుక పద్ధతి

ప్రవర్తనా చికిత్సలో పాటించే నియమాలు యాప్‌ల వాడకానికి కూడా వర్తిస్తాయి.

* ఒకే క్యాలెండరు, ఒకే జాబితా. విషయాలు నాలుగు చోట్ల ఉంటే ఎక్కడ ఉన్నవో గుర్తుంచుకోవడం మరొక భారమవుతుంది.
* రోజూ నిర్ణీత వేళకు జాబితా చూడటం. పళ్ళు తోముకోవడం, కాఫీ తాగడం వంటి పాత అలవాటుకు దీనిని జతచేస్తే నిలిచే అవకాశం ఎక్కువ.
* పనిని క్రియగా వ్రాయడం. చదువు అని కాక, భౌతికశాస్త్రం మూడవ పాఠం మొదటి ఐదు లెక్కలు అని వ్రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.
* మధ్యలో వచ్చిన ఆలోచనను అక్కడే వ్రాసిపెట్టి, విడత ముగిసిన తరువాత చూడటం. కరెంటు బిల్లు గుర్తుకు వస్తే అప్పుడే కట్టబోకుండా, ఒక మాట వ్రాసి తిరిగి పనిలోకి రావాలి.
* అనవసరమైన నోటిఫికేషన్లు అన్నీ ఆపివేసి, అవసరమైన రెండు మూడింటిని మాత్రమే ఉంచడం.
* ఒకసారి ఒకే యాప్‌ను, ఒకే ఇబ్బంది కోసం కొన్ని వారాలు వాడిచూడటం. ఏ పనులు పూర్తయ్యాయో దానిని బట్టి ఫలితాన్ని అంచనా వేయాలి.

మందులు వాడేవారు యాప్ వలన మేలు కనిపించినదని వైద్యుని సలహా లేకుండా వాటిని ఆపకూడదు.

## పిల్లల విషయంలో

చిన్నపిల్లలలో యాప్‌ను నిర్వహించేది నిజానికి తల్లిదండ్రులే. ఆరేళ్ళలోపు పిల్లలకు అమెరికా శిశువైద్య సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాలు తల్లిదండ్రులకు ప్రవర్తనా శిక్షణ ఇవ్వడాన్ని మొదటి చికిత్సగా సూచించాయి. బడికి తయారయ్యే వరుసను బొమ్మలతో చూపే పట్టిక గోడపై ఉన్నా, తెరపై ఉన్నా ప్రయోజనం ఒకటే. పని కాగానే వెంటనే మెచ్చుకోవడం అందులో ముఖ్యభాగం. నిఘా కోసం, శిక్ష కోసం యాప్‌ను వాడితే పిల్లలు దానిని దాటే మార్గాలు వెతుకుతారు. కౌమార వయసులో ఏ యాప్‌లు, ఏ వేళలలో మూసివేయాలో వారితో కలిసి నిర్ణయించడం మేలు.

## గోప్యత

ఈ యాప్‌లు వ్యక్తి రోగనిర్ధారణ, మందుల వేళలు, నిద్ర, రోజువారీ లోపాలు వంటి సున్నితమైన సమాచారాన్ని సేకరిస్తాయి. ఆసుపత్రులకు వర్తించే నియమాలు అన్ని యాప్‌లకూ వర్తించవు. 2024లో సెరిబ్రల్ అనే అమెరికా ఆన్‌లైన్ మానసిక వైద్య సేవ సుమారు 32 లక్షల మంది సమాచారాన్ని సామాజిక మాధ్యమాలు తదితర సంస్థలకు చేరవేసినదని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. దానిని పరిష్కరించుకోవడానికి సెరిబ్రల్ 70 లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి అంగీకరించినది.

భారతదేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆమోదం పొందినది. దీని ప్రకారం 18 ఏళ్ళలోపువారి సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి అవసరం. చట్టం అమలుకు సంబంధించిన నియమావళిని 2025 నవంబరులో ప్రకటించారు. నిబంధనలు దశలవారీగా అమలులోకి వచ్చేలా ఏర్పాటు చేశారు.

## భారతదేశంలో, తెలుగులో

భారతదేశంలో ఏడీహెచ్‌డీ పట్ల అవగాహన పట్టణాలలో పెరుగుతున్నప్పటికీ, అల్లరి అనో, బద్ధకం అనో కొట్టివేయడం ఇంకా సాధారణం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి గాని, ఏడీహెచ్‌డీని ప్రత్యేకంగా పేర్కొనలేదు.

ఏడీహెచ్‌డీ కోసం ప్రత్యేకంగా తయారైన యాప్‌లలో అధికభాగం ఆంగ్లంలో ఉన్నాయి. అయితే ఆండ్రాయిడ్ ఫోనును తెలుగులోకి మార్చుకోవచ్చు. అలారాలకు, క్యాలెండరు అంశాలకు, జాబితాలకు తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు. గూగుల్ 2017లో మాటను అక్షరాలుగా మార్చే సదుపాయాన్ని తెలుగుకు కూడా విస్తరించినది. టైపు చేసేలోగా ఆలోచన జారిపోయేవారికి నోటితో చెప్పి నమోదు చేసుకోవడం ఉపయోగకరం. కాబట్టి ఆంగ్లం రానివారికి సైతం గుర్తుచేయడం, జాబితా, టైమరు అనే మూడు ప్రాథమిక సహాయాలు అదనపు ఖర్చు లేకుండా అందుబాటులో ఉన్నాయి.

రోగనిర్ధారణ మానసిక వైద్యుడు గానీ, క్లినికల్ సైకాలజిస్టు గానీ చేయవలసినది. యాప్‌లోని ప్రశ్నావళి సూచన మాత్రమే ఇవ్వగలదు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య సహాయ సేవ 14416 నంబరుపై తెలుగులో కూడా లభిస్తుంది. ఎవరిని సంప్రదించాలో తెలియనివారు దీని ద్వారా సలహా పొందవచ్చు.

## ఇవి కూడా చూడండి

* అష్టావధానం
* ఆటిజం
* పొమొదోరో పద్ధతి
* మానసిక శాస్త్రము
* స్మార్ట్‌ఫోన్